బ్లాక్ అండ్ వైట్ ఫోటో ప్రింట్ తీస్తే ఆకుపచ్చగానో గులాబీగానో ఎందుకు కనిపిస్తుంది?

ఎందుకంటే మామూలు నాలుగు రంగుల ఇంక్‌జెట్ ప్రింటర్ దగ్గర గ్రే ఇంక్ ఉండదు, సయాన్, మెజెంటా, ఎల్లో కలిపే బూడిద రంగు తయారుచేస్తుంది. ఆ మూడింటిలో ఏ ఒక్కటి కొంచెం ఎక్కువైనా, తక్కువైనా ఏదో ఒక రంగు ఛాయ వచ్చేస్తుంది, కలర్ ఫోటోలో అయితే ఎవరూ పట్టుకోలేరు గానీ బూడిద రంగులో మాత్రం కన్ను ఇట్టే పట్టేస్తుంది. పైగా ప్రింటర్ లెక్కలన్నీ ఒక పేపర్‌కి సరిపోయేలా ఉంటాయి, పేపర్ మారిస్తే మళ్లీ తేడా.

ఉదాహరణకి వైజాగ్ ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లో ప్రింట్ కొట్టారనుకోండి, వెనకాల ఆకాశం కిటికీ వెలుగులో గులాబీగా, ట్యూబ్‌లైట్ కింద ఆకుపచ్చగా కనిపించొచ్చు. ప్రింట్ ఒకటే, వెలుగు మారింది అంతే, ఫోటో ప్రింటింగ్ వాళ్లు దీన్నే మెటామెరిజం అంటారు.

చాలామంది పొరబడేది ఇక్కడే: ఫోటోషాప్‌లో గ్రేస్కేల్ చేసేస్తే ప్రింటర్ నల్ల ఇంకే వాడుతుందనుకుంటారు. ఫైల్‌లో రంగు లేకపోయినా ఫోటో పేపర్ సెట్టింగ్ పెడితే డ్రైవర్ (ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) మామూలుగా రంగు ఇంకులే కలుపుతుంది. పోనీ ఒక్క నల్ల ఇంకుతోనే కొట్టిస్తే ఛాయ తగ్గుతుంది కానీ లేత భాగాల్లో చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది.

కాబట్టి మీరు వాడే పేపర్‌కి సరిపోయే ఐసీసీ ప్రొఫైల్ (ఆ ప్రింటర్‌లో ఆ పేపర్ మీద రంగులు ఎలా పడతాయో చెప్పే ఫైల్) వాడండి, లేదా రెండు మూడు రకాల గ్రే ఇంకులున్న ఫోటో ప్రింటర్‌లో తీయించండి, నా దృష్టిలో రెండోదే నమ్మకం. వైజాగ్ తేమకి ఇంకు ఆరడం లేటవుతుంది కాబట్టి ఒక రోజు ఆగాకే రంగు చూడండి.