తీతువు దగ్గర కాసేపు ఆగు

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. వాక్యం హాయిగా నడుస్తోంది. కానీ మే నెల నడకలో టెక్కలి దగ్గర తేలినీలాపురం చెట్ల నిండా గూడబాతులు, అదే పెలికాన్లు, ఉన్నాయని రాశావు. అవి చలికాలానికి ముందు వచ్చి, గూళ్లు కట్టి, పిల్లలకు రెక్కలొచ్చాక ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వచ్చే నత్తగుల్ల కొంగలేమో తొలకరికి గానీ దిగవు. విన్నదాన్ని చూసినట్టు రాస్తే టెక్కలి వైపు పాఠకుడు ఇక నిన్ను నమ్మడు.

మే నెలలో చూడాల్సినవి వేరే ఉన్నాయి. నీళ్లు అడుగంటిన చెరువు గట్టుకి పొద్దున్నే వెళ్లు. తీతువు ఉంటుంది. దాని అరుపు అపశకునమని మనవాళ్లు భయపడతారు గానీ, ఈ ఎండల్లో దాని కష్టం చూస్తే ఆ మాట అనబుద్ధి కాదు. గులకరాళ్ల మధ్య, ఉత్త నేల మీద గుడ్లు పెడుతుంది. అవి మట్టి రంగులో కలిసిపోతాయి. ఎండ నడినెత్తికొస్తే గుడ్లకు తన ఒంటినే నీడగా పట్టి నిలబడుతుంది. ఒక్కోసారి నీళ్లలోకి వెళ్లి పొట్ట ఈకలు తడుపుకొచ్చి వాటి మీద కూర్చుంటుంది. వేసవి ఎంత తీవ్రంగా ఉందో చెప్పడానికి ఆ తడిసిన పొట్ట చాలు, విశేషణాలు అక్కర్లేదు.

అది నీ తల మీద తిరుగుతూ అరిచిందంటే గుడ్లు దగ్గర్లోనే ఉన్నాయన్నమాట. వెంటనే వెనక్కి వచ్చెయ్. ఫొటో కోసం ఆగకు. నువ్వు నిలబడినంతసేపూ గుడ్లు ఎండలో మాడుతుంటాయి. మన రాత కోసం ఒక పిల్ల చావకూడదు.

ఇంకోటి, "కోకిలమ్మ పాడింది" అన్నావు. ఆ కుహూ కుహూ నల్లటి మగ కోకిలది. ఒంటినిండా మచ్చలున్న ఆడకోకిల కాకిగూడు చుట్టూ మాటు వేసి ఉంటుంది, కాకులు దాన్ని తరుముతుంటాయి. ఆ సంగతి రాయాలి నువ్వు. జీడితోటల్లో మగతొండల గొంతులు ఎర్రబడే కాలం కూడా ఇదే. వానలు దగ్గరపడేకొద్దీ మగ గిజిగాళ్ల తలలు పసుపెక్కుతాయి. మగది సగం అల్లిన గూడుని ఆడది వచ్చి పరీక్షిస్తుంది, నచ్చితేనే మిగతా సగం.

చూసిన చోటే చిన్న నోట్‌బుక్‌లో టైము, చెట్టు, అది చేసిన పని రాసుకో. నీకు ఏమనిపించిందో ఇంటికొచ్చాక రాయొచ్చు. పేరు తెలియకపోతే మేకలు కాసేవాళ్లనో, ముంజలు దింపేవాళ్లనో అడుగు. వాళ్లు ఏమంటే అదే రాసుకో. వ్యాసం పూర్తయ్యాక ముందు వాళ్లకే చదివి వినిపించు. తప్పుంటే మొహమాటం లేకుండా చెబుతారు. ఆ తర్వాత నాకు పంపు.

— అన్నయ్య