టెక్ సందేహాలు: డైరెక్టరీ ఉందా అని అడగకండి, సృష్టించి చూడండి

ప్రశ్న: నా స్క్రిప్టు ఒకేసారి ఎనిమిది ప్రాసెస్‌లను (నడుస్తున్న ప్రోగ్రాములను) నడుపుతుంది. ఒక్కో ప్రాసెస్ ‘ఫలితం-1’ అనే డైరెక్టరీ (ఫోల్డర్) ఉందేమో చూస్తుంది. ఉంటే 2, 3 అంటూ ముందుకు వెళ్లి, వాడని అంకెతో కొత్తది సృష్టించుకుంటుంది. అప్పుడప్పుడు రెండు ప్రాసెస్‌ల ఫలితాలు ఒకే డైరెక్టరీలో కలిసిపోతున్నాయి. మధ్యలో ఒక సెకను విరామం పెడితే తగ్గింది. ఇది చాలా?

జవాబు: తగ్గింది అంటున్నారు గానీ పోయింది అనడం లేదు. ముందు ఆ విరామం తీసేయండి. అది తప్పును సరిదిద్దలేదు, మీ కంటికి కనబడకుండా చేసిందంతే. యంత్రం మీద భారం పెరిగిన రోజున మళ్లీ బయటపడుతుంది. ఈ ఫిర్యాదు నాకు మాటిమాటికీ వస్తోంది. ప్రోగ్రామింగ్ భాష మారుతుంది, తప్పు మాత్రం అదే.

మీ స్క్రిప్టులో జరుగుతున్నది ఇది. మొదటి ప్రాసెస్ ‘ఫలితం-4’ ఉందా అని అడిగింది, లేదని తెలిసింది. సరిగ్గా అప్పుడే కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం, దాన్ని పక్కన ఆపి రెండోదానికి అవకాశం ఇచ్చింది. అదీ అడిగింది, దానికీ లేదనే జవాబు వచ్చింది. తర్వాత రెండూ ‘ఎంకేడిర్ మైనస్ పి’ నడిపాయి. ‘ఎంకేడిర్’ అంటే డైరెక్టరీని సృష్టించే ఆదేశం, ‘మైనస్ పి’ అంటే అది ముందే ఉన్నా లోపం చూపవద్దని, దానికి పైన ఉండాల్సిన డైరెక్టరీలనూ సృష్టించమని చెప్పడం. మొదటిది డైరెక్టరీని సృష్టించింది. రెండోదానికి అది అప్పటికే కనబడింది, అయినా ‘మైనస్ పి’ ఉంది కాబట్టి కిమ్మనకుండా విజయం అని చెప్పింది. ఆ రెండక్షరాలు లేకపోతే రెండో ప్రాసెస్ అక్కడే ఆగిపోయేది, మీ ఫలితాలు దక్కేవి. పైథాన్‌ భాషలో ‘ముందే ఉన్నా ఫర్వాలేదు’ అని చెప్పే ‘ఎగ్జిస్ట్ ఓకే’ని ట్రూ చేసినా ఇదే కథ. లోపం కనబడకుండా చేసే ఈ సౌకర్యాలను తొలి పాఠాల్లోనే అలవాటు చేస్తున్న తీరు మీద నాకు నిజంగానే కోపం ఉంది.

ఉత్త ‘ఎంకేడిర్’ అలా కాదు. ఉందో లేదో చూడటం, సృష్టించడం కెర్నల్ లోపల విడదీయరాని ఒకే పని. వంద ప్రాసెస్‌లు ఒకే పేరుతో ఒకేసారి ప్రయత్నించినా ఒక్కటే నెగ్గుతుంది. మిగతావాటికి ‘ఇప్పటికే ఉంది’ అనే లోపం అందుతుంది. ఆ లోపమే మీకు కావలసిన జవాబు: అది వస్తే తర్వాతి అంకెకు వెళ్లండి. అయితే అనుమతి లేకపోయినా, డిస్కు నిండినా కూడా ‘ఎంకేడిర్’ విఫలమవుతుంది. కారణం చూడకుండా అంకె పెంచుతూ పోతే స్క్రిప్టు ఎప్పటికీ ఆగదు. దానికి పైన ఉండాల్సిన డైరెక్టరీలు కావాలంటే ప్రాసెస్‌లు మొదలయ్యే ముందే ఒక్కసారి ‘మైనస్ పి’తో సృష్టించుకోండి.

వరుస అంకెలే కావాలన్న పట్టు లేకపోతే యాదృచ్ఛికమైన పేరుతో డైరెక్టరీని సృష్టించే ‘ఎంకేటెంప్ మైనస్ డి’ ఆదేశం వాడండి. మీరిచ్చే పేరు మూసలో ఆరు ఎక్స్‌లు రాస్తే, వాటి స్థానంలో అది అక్షరాలు నింపుతుంది: 62 అక్షరాలూ అంకెల నుంచి 5,680 కోట్లకు పైగా పేర్లు సాధ్యం. పేరు కలిస్తే తానే మరోటి ప్రయత్నిస్తుంది. ‘మైనస్ యు’ మాత్రం చేర్చకండి. అది పేరు మాత్రమే చెప్పి డైరెక్టరీని సృష్టించకుండా వదిలేస్తుంది, అంటే మళ్లీ మొదటికే వస్తారు. కెర్నల్ ఒక్కో ప్రాసెస్‌కు ఇచ్చే గుర్తింపు సంఖ్యను పేరులో పెడితే చాలని కొందరు రాస్తున్నారు. కానీ కంటైనర్లలో, అంటే ప్రోగ్రాములను మిగతావాటి నుంచి వేరుచేసి నడిపే అరల్లో, ఒక్కోదానికి సొంత లెక్క ఉంటుంది. రెండింటిలోనూ మీ ప్రోగ్రామే 1వ ప్రాసెస్ కావచ్చు, రెండూ రాసేది ఒకే డిస్కులోకి కావచ్చు.

ఫలితాలు కలిసిపోవడం కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే ఉంది. చాలామంది ఇదే పద్ధతిని అందరూ రాయగలిగే టెంప్ (తాత్కాలిక ఫైళ్ల) డైరెక్టరీలో వాడుతున్నారు. ‘ఫలితం-5’ రాబోతోందని ఊహించడం ఎవరికైనా తేలికే. అదే యంత్రంలో ఖాతా ఉన్న మరొకరు ఆ పేరుతో ముందే డైరెక్టరీ సృష్టించి కూర్చుంటారు. మీ ‘మైనస్ పి’ సంతోషంగా విజయం అంటుంది. ఇక మీరు రాసేది వారి డైరెక్టరీలో. మీ ఫైలును తీసేసి తమది పెట్టగలరు, మీరు తెరవబోయే పేరుతో సింబాలిక్ లింకు (మరో ఫైలును చూపించే దారిపలక) పెట్టి మరో ఫైలు మీదికి మళ్లించగలరు. స్క్రిప్టు రూట్ (యంత్రం మీద పూర్తి) అధికారంతో నడుస్తుంటే నష్టం యంత్రమంతటికీ. టెంప్ డైరెక్టరీకి ఉండే స్టిక్కీ బిట్ అనే అనుమతి గుర్తు ఇతరుల ఫైళ్లను తొలగించకుండా ఆపుతుంది గానీ, కొత్త పేరును ముందే ఆక్రమించకుండా ఆపదు. 2012లో లినక్స్ 3.6తో వచ్చిన సింబాలిక్ లింకుల రక్షణ స్టిక్కీ బిట్ ఉన్న ఉమ్మడి డైరెక్టరీలకే వర్తిస్తుంది. దాడి చేసేవారి సొంత డైరెక్టరీ లోపలి లింకులకు అది అడ్డు రాదు. ‘ఎంకేటెంప్ మైనస్ డి’ సృష్టించే డైరెక్టరీకి అనుమతులు 700. అంటే యజమానికి తప్ప మామూలు వినియోగదారులెవరికీ ప్రవేశం లేదు. పంచుకునే ఫోల్డర్లను అందరూ రాసేలా తెరిచి ఉంచే నెట్‌వర్క్ స్టోరేజీ పెట్టెల్లోనూ ఇదే ప్రమాదం ఉంది. ఆ అమరికను మొదటి రోజే మార్చాలి.

ప్రశ్న: తాత్కాలిక డైరెక్టరీలో పని పూర్తి చేసి, చివర్లో పేరు మార్చే ‘ఎంవీ’ ఆదేశంతో అసలు పేరు పెడితే సరిపోతుందా?

జవాబు: ఆలోచన మంచిదే, కానీ అసలు పేరుతో డైరెక్టరీ అప్పటికే ఉంటే ‘ఎంవీ’ లోపం చూపదు, మీదాన్ని దాని లోపలికి తరలిస్తుంది. లినక్స్‌లో సాధారణంగా ఉండే గ్నూ వెర్షన్‌ ‘ఎంవీ’కి ‘మైనస్ పెద్ద టి’ చేరిస్తే లోపలికి వెళ్లదు. అప్పుడు కూడా అక్కడున్నది ఖాళీ డైరెక్టరీ అయితే దాని స్థానంలో మీది వచ్చేస్తుంది. కాబట్టి మరో ప్రాసెస్ ఉత్త ‘ఎంకేడిర్’తో ఆ పేరును దక్కించుకుని ఇంకా ఏమీ రాయకముందే మీ ‘ఎంవీ’ నడవవచ్చు. ఒకే పేరు కోసం పోటీపడే ప్రాసెస్‌లన్నీ ఒకే పద్ధతి పాటించాలి. ఒకటి ‘ఎంకేడిర్’తో, మరొకటి ‘ఎంవీ’తో పేరు పెట్టుకోకూడదు.