బ్యాక్టీరియా ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్‌కు కళ్లెం ఎలా వేస్తుంది?

చక్కెర విచ్ఛిన్నాన్ని బ్యాక్టీరియా ఏ దశలో నియంత్రిస్తుందని అడిగారు. ముఖ్యంగా ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ అనే ఎంజైము దగ్గర. ఇది ఫ్రక్టోజ్-6-ఫాస్ఫేట్ అనే చక్కెర ఫాస్ఫేట్‌కు, కణానికి శక్తినిచ్చే ఏటీపీ నుంచి ఇంకో ఫాస్ఫేట్ తగిలిస్తుంది. కణంలో ఆ చర్య దాదాపు వెనక్కి తిరగదు, అందుకే కాపలా ఇక్కడ.

ఎంజైములో ఒకేలాంటి నాలుగు ఉపభాగాలు, రెండు జంటలుగా ఉంటాయి. చక్కెర విచ్ఛిన్నంలో తర్వాతి దశల్లో పుట్టే ఫాస్ఫోఎనాల్‌పైరువేట్ పేరుకుపోతే, చర్యాస్థానానికి దూరంగా ఉన్న గుంటలో అతుక్కుంటుంది. దాంతో ఒక జంట రెండోదానిపై సుమారు 7 డిగ్రీలు తిరుగుతుంది. అసలు తమాషా ఆ తర్వాతే. బాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ అనే బ్యాక్టీరియా ఎంజైమునే చూడండి: చక్కెర ఫాస్ఫేట్‌ను పట్టుకునే ధనావేశపు ఆర్జినిన్-162 (గొలుసులో 162వ అమైనో ఆమ్లం) పక్కకు తప్పుకుంటుంది, దాని చోటికి ఋణావేశపు గ్లుటమేట్-161 వస్తుంది. ఫాస్ఫేట్‌దీ ఋణావేశమే కదా, వికర్షణ తప్పదు; చక్కెర ఫాస్ఫేట్‌పై పట్టు సడలి ఎంజైము నెమ్మదిస్తుంది. శక్తి తగ్గి, ఏటీపీ ఒక ఫాస్ఫేట్ ఇచ్చేశాక మిగిలే ఏడీపీ పెరిగితే, అది అదే గుంటలో చేరి ఎంజైమును చురుకైన ఆకారంలో నిలుపుతుంది.