స్టాక్ మార్కెట్లో లిస్ట్ కాని కంపెనీ విలువ 500 కోట్లంటే నా ఈసాప్స్‌కీ అదే లెక్కా?

కాదండీ. ఈసాప్స్ అంటే ముందే ఖాయం చేసిన ధరకి కంపెనీ షేర్లు కొనుక్కోమని ఉద్యోగులకిచ్చే హక్కు, అంతే. నేనూ మీలాగే లెక్క కట్టుకుని దెబ్బతిన్నవాణ్నే. మాదాపూర్‌లో ఒక స్టార్టప్‌లో చేసేటప్పుడు మా కంపెనీ 500 కోట్లయిందని ఆఫీసులో కేక్ కోశారు, ఆ రాత్రే ఎక్సెల్ తెరిచి కొత్త షేరు ధరని నా షేర్లతో గుణించి, ఫ్లాట్ డౌన్ పేమెంట్ వచ్చేసినట్టేనని ఇంట్లో చెప్పేశాను కూడా.

అసలు జరిగిందేంటంటే, ఒక ఫండ్ 50 కోట్లు పెట్టి 10 శాతం వాటా తీసుకుంది, దాన్ని పదితో హెచ్చవేశారు. రోడ్డు పక్క అరెకరం ఎవరో మంచి రేటుకి కొంటే ఊళ్లో అందరూ తమ పొలానికీ అదే రేటు చెప్పినట్టన్నమాట. పైగా వాళ్లు కొన్నవి ప్రిఫరెన్స్ షేర్లు. కంపెనీని 60 కోట్లకే అమ్మాల్సి వస్తే ముందు వాళ్ల 50 వాళ్లు తీసుకుంటారు, మిగిలిన పదిలో ఫౌండర్లూ మేమూ. నాకొచ్చేవి మామూలు ఈక్విటీ షేర్లు, రెండింటికీ ఒకే ధర ఎలా వేస్తాం?

లిస్టెడ్ షేరు ధర కూడా వేదవాక్కేం కాదు. కానీ మూడు నెలలకోసారి లెక్కలు బయటపెడతారు, నచ్చకపోతే పొద్దున 9:15కి అమ్మేస్తే మర్నాటికి డబ్బొస్తుంది. లిస్ట్ కానివాటికి వాల్యుయర్లు అదే రంగంలోని లిస్టెడ్ కంపెనీలు లాభానికి ఎన్ని రెట్లు పలుకుతున్నాయో చూసి, లేదా ముందు ముందు వచ్చే క్యాష్‌ని అంచనా కట్టి, అమ్ముకోవడం కష్టం కాబట్టి అందులో కొంత కోత వేస్తారు.

జనం మాత్రం ఒక్కోసారి తిరగేసి, కోత వెయ్యాల్సింది పోయి ఎక్కువే పెడతారు. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు వాళ్ల లోన్ల కంపెనీ హెచ్‌డీబీ ఫైనాన్షియల్ షేర్లని లిస్టింగ్‌కి ముందు బయట 1,200 పైన పెట్టి కొన్నారు, 2025 జూన్‌లో ఐపీఓ (జనానికి మొదటిసారి షేర్లమ్మడం) వస్తే ధర 700-740. లిస్టయింది 835కి. బ్రోకర్ చెప్పిన రేటుకీ బజారు రేటుకీ అంత తేడా.

నా సంగతికొస్తే, ఉద్యోగం మానేశాక షేర్లు తీసుకోవడానికి 90 రోజులే గడువు. మర్చంట్ బ్యాంకర్ కట్టిన విలువకీ నేను కట్టే ధరకీ మధ్య తేడా మీద జీతంలాగే ట్యాక్స్ పడింది, చేతికి రూపాయి రాకుండానే. సగమే తీసుకున్నాను. అవి ఇంకా డీమ్యాట్‌లోనే ఉన్నాయి, కొనేవాడు లేడు.

మీరైతే హెచ్‌ఆర్‌ని ఈసాప్ బైబ్యాక్ (కంపెనీయే ఉద్యోగుల దగ్గర వెనక్కి కొనడం) ఎప్పుడైనా చేశారా, ఏ ధరకి చేశారు అని అడగండి. చేసి ఉంటే ఎక్సెల్‌లో ఆ ధర వేసుకోండి, పేపర్లో వచ్చింది కాదు.