46 మెగాపిక్సెల్ అంటున్నారు, కొనొచ్చా?

ప్రశ్న: ప్రకృతి దృశ్యాలు తీయడం నా హాబీ. సిగ్మా ఎస్‌డీ1 మెరిల్ అనే పాత కెమెరా సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది. 46 మెగాపిక్సెల్ అని రాశారు. మొదట్లో దీని ధర ఏడు వేల డాలర్ల దాకా ఉండేదట. ఇప్పుడు అందులో చిన్న వంతుకే ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: మీ దగ్గర ఇప్పటికే ఒక కెమెరా ఉంటే, దీన్ని రెండోదిగా తీసుకోండి. ఇదొక్కటే మీ కెమెరా కాబోతుంటే మాత్రం వద్దు. నాకు చాలా ఇష్టమైన సెన్సర్ (కాంతిని పట్టి ఫొటోగా మార్చే చిప్) ఇందులో ఉంది. అయినా వద్దనే చెబుతున్నాను.

ముందు ఆ 46 సంగతి చూద్దాం. ఈ కెమెరా తీసే ఫొటోలో అడ్డంగా 4,800, నిలువుగా 3,200 పిక్సెళ్లు ఉంటాయి. గుణించి చూడండి, కోటీ 53 లక్షలు వస్తుంది. మెగాపిక్సెల్ అంటే పది లక్షల పిక్సెళ్లు కాబట్టి ఇవి 15 మెగాపిక్సెళ్లే. మిగతావి ఎక్కడివి?

మామూలు కెమెరాల్లో సెన్సర్ మీద రంగు ఫిల్టర్లు గళ్ల గుడ్డలా పరిచి ఉంటాయి. ఒక్కో పిక్సెల్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో ఏదో ఒక్కదాన్నే కొలుస్తుంది. మిగతా రెండు రంగుల్నీ చుట్టుపక్కల పిక్సెళ్లను బట్టి సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది. ఎస్‌డీ1లోని ఫోవియన్ సెన్సర్ పద్ధతి వేరు. సిలికాన్‌లోకి దిగిన నీలం కాంతి పైపైనే ఆగిపోతుంది, ఆకుపచ్చ ఇంకాస్త లోపలికి వెళ్తుంది, ఎరుపు అన్నిటికంటే లోతుకు దిగుతుంది. అందుకని ఒకే చోట మూడు పొరలు పెట్టి, ఆ చోటికి వచ్చిన మూడు రంగుల్నీ అక్కడే కొలుస్తారు. 15 మెగాపిక్సెళ్లను మూడు పొరలతో గుణిస్తే 46. అంకె అబద్ధం కాదు కానీ, పక్కనున్న 45 మెగాపిక్సెల్ కెమెరాతో పోల్చడానికి అది పనికిరాదు. ఫొటోలో కనిపించే వివరం 15 అన్నదానికంటే బాగా ఎక్కువగా ఉంటుంది, 46 దాకా మాత్రం రాదు.

ఉన్న వివరం ఎంత అందంగా ఉంటుందంటే, తక్కువ ఐఎస్‌ఓలో (కాంతిని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె), ట్రైపాడ్ మీద తీసిన రాతిగోడనో చెట్టు బెరడునో తెరమీద నూరు శాతం పెద్దది చేసి చూడండి, ఇసుక రేణువు కూడా విడిగా కనిపిస్తుంది. పక్క పిక్సెళ్లను చూసి ఊహించే పని లేదు కాబట్టి, సన్నటి గీతల బట్టల మీద లేని రంగులు పుట్టుకురావు. అభిమానులు ఇన్నేళ్లయినా దీన్ని వదలకపోవడానికి కారణం ఇదే.

ఇక ధర. ఈ కెమెరాను 2010లో ప్రకటించారు, 2011లో అమ్మకానికి వచ్చింది. అమెరికాలో జాబితా ధర 9,700 డాలర్లు, దుకాణాల్లో సుమారు 6,900. ఏడాది తిరక్కుండానే, 2012 ఫిబ్రవరిలో, అదే కెమెరాకు మెరిల్ అని పేరు చేర్చి 2,300 డాలర్లకు దించేశారు. మెరిల్ అంటే ఈ సెన్సర్‌ను రూపొందించినవారిలో ఒకరైన రిచర్డ్ మెరిల్. అప్పటికే ఆయన కన్నుమూశారు, ఆయన జ్ఞాపకార్థం ఆ పేరు పెట్టారు. మొదట కొన్నవాళ్లు ఎంత బాధపడి ఉంటారో ఊహించండి. కంపెనీ వాళ్లకు తన ఇతర వస్తువులు తీసుకునేలా పాయింట్లు ఇచ్చింది.

మూడో వంతుకు ఎలా దిగింది? మొదటి ధర సెన్సర్ తయారీ ఖర్చును బట్టి పెట్టింది. కొద్దిమందే కొనే వస్తువుకు ఖర్చంతా ఆ కొద్దిమంది మీదే పడుతుంది. తయారీ ఖర్చు తగ్గగానే ధర కూడా దిగింది. కాబట్టి 'ఒకప్పుడు ఏడు వేలు, ఇప్పుడు ఇంతే' అని అమ్మేవారు చెబితే ఆ పోలికను పక్కన పెట్టండి. మీరు చూస్తున్నది మెరిల్ కదా, అది పుట్టిన ధరే 2,300.

ఇప్పుడు రోజువారీ వాడకం. ఐఎస్‌ఓ 100, 200 దగ్గర అద్భుతం. 400 పర్లేదు. 800 దాటితే రంగులు మరకల్లా చెదిరిపోతాయి. మూడు పొరల సిగ్నళ్లూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి, వాటిని విడదీసే లెక్కలోనే నాయిస్, అంటే ఫొటోలో గరుకు చుక్కలు, పెరుగుతుంది. సాయంత్రం పూట, ఇంట్లో, పెళ్లిలో దీన్ని నమ్ముకోలేం. వీడియో లేదు. వెనక తెరమీద చూస్తూ ఫోకస్ చేసే లైవ్ వ్యూ కూడా లేదు. కార్డు కాంపాక్ట్ ఫ్లాష్. అది ఇప్పుడు కొత్తగా దొరకడం కష్టమవుతోంది కాబట్టి కెమెరాతో పాటే కార్డునూ, కార్డ్ రీడర్‌నూ అడగండి. దీని రా ఫైళ్లు (సెన్సర్ ఇచ్చిన సమాచారాన్ని దాదాపు ఉన్నదున్నట్టు దాచే ఫైళ్లు) ఫొటోలు సరిచేసే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోవు. సిగ్మా ఫొటో ప్రో అనే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ఫొటోనూ ఓపిగ్గా సరిచేసి, టిఫ్ ఫైలుగా మార్చుకోవాలి. వంద ఫొటోలు తీస్తే ఒక పూట దానికే పోతుంది.

లెన్సులు మరో టెన్షన్. దీనికి సిగ్మా సొంత ఎస్ఏ మౌంట్ (లెన్సును కెమెరాకు బిగించే అమరిక) లెన్సులే సరిపోతాయి. 2018లో సిగ్మా ఎల్ మౌంట్ కూటమిలో (ఒకే మౌంట్‌ను పంచుకునే కంపెనీల గుంపు) చేరాక ఎస్ఏ మౌంట్‌లో కొత్త కెమెరాలు రావడం ఆగిపోయింది. అయితే ఎంసీ-21 అనే అడాప్టర్‌తో ఎస్ఏ లెన్సును ఎల్ మౌంట్ కెమెరాకు బిగించవచ్చు. అందుకని లెన్సు లేని ఒట్టి బాడీ కొనకండి, మంచి లెన్సుతో కలిపి ఇస్తేనే తీసుకోండి. రేపు బాడీ పాడైనా లెన్సు మిగులుతుంది. డబ్బు ఇచ్చేముందు నాలుగు ఫొటోలు తీసి, ఆ ఫైళ్లను మీ సొంత కంప్యూటర్‌లో తెరిచి చూడండి. అమ్మేవారి తెరమీద చూసి నిర్ణయించుకోవద్దు.

ఇదే కాలపు డీపీ1 మెరిల్, డీపీ2 మెరిల్ కెమెరాల్లోనూ ఇదే సెన్సర్ ఉంది. వాటికి లెన్సు బిగించే ఉంటుంది, కెమెరా చిన్నది, వెనక తెరలో చూస్తూ తీయొచ్చు. బ్యాటరీ మాత్రం చాలా తొందరగా అయిపోతుంది. ఫోవియన్ రుచి చూడాలన్నదే మీ కోరికైతే ఎస్‌డీ1 కంటే వీటిలో ఒకటి వెతకండి.

ప్రశ్న: స్టూడియోలో వస్తువుల ఫొటోలు తీస్తాను. ఇప్పుడున్నది 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్. 100 మెగాపిక్సెల్ మీడియం ఫార్మాట్‌కు మారితే క్వాలిటీ నాలుగింతలు అవుతుందా?

జవాబు: పిక్సెళ్లు నాలుగింతలు, పొడవు వెడల్పులు రెండింతలే. మీ కెమెరా ఫొటోలో అడ్డంగా 6,000 పిక్సెళ్లు ఉంటే, మీడియం ఫార్మాట్ (ఫుల్ ఫ్రేమ్ కంటే పెద్ద సెన్సర్) కెమెరాలైన ఫుజీఫిల్మ్ జీఎఫ్ఎక్స్ 100 వరసలో 11,648 ఉంటాయి. అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింట్ వేస్తే మీది 20 అంగుళాలు, దానిది దాదాపు 39 అంగుళాలు. మీ క్లయింట్లు 20 అంగుళాలు దాటి ప్రింట్ వేస్తారా? వెబ్‌సైట్‌లో పెట్టుకుంటారా? 4కే తెర మొత్తం కలిపి 8.3 మెగాపిక్సెళ్లే. ఈ ప్రశ్నకు జవాబు మీ పాత బిల్లుల్లోనే దొరుకుతుంది, ఒకసారి తిరగేయండి.

ధరలు దిగిన మాట నిజం. జీఎఫ్ఎక్స్ 100 మోడల్ 2019లో దాదాపు 10,000 డాలర్లకు వచ్చింది. 2024లో జీఎఫ్ఎక్స్ 100ఎస్ 2 అందులో సగానికే వచ్చింది. కానీ బాడీ దగ్గర ఖర్చు ఆగదు. మీ ఫుల్ ఫ్రేమ్ లెన్సుల్లో చాలావాటి కాంతి ఆ పెద్ద సెన్సర్ మూలలదాకా చేరదు, అంటే కొత్త లెన్సులు కావాలి. 16 బిట్, కంప్రెస్ చేయని రా ఫైలు ఒక్కోటి 200 ఎంబీ. 500 ఫొటోల షూట్ అంటే 100 జీబీ. దానికి బ్యాకప్ ఇంకో 100. కంప్యూటర్ మెమరీ కూడా పెంచాల్సిరావచ్చు. ఇంకో సంగతి, ఫోకస్‌లో వెంట్రుకవాసి తేడా, అపర్చర్ (లెన్సులో కాంతి వచ్చే రంధ్రం) ఎఫ్/16 దాకా మూస్తే వచ్చే మసక, ట్రైపాడ్ కాస్త ఊగడం... ఇప్పుడు మీ కంటికి కనపడనివన్నీ అక్కడ నూరు శాతంలో చూస్తే కనపడతాయి.

మీరు తీసేవి కదలని వస్తువులు కాబట్టి పిక్సెల్ షిఫ్ట్ ఉన్న కెమెరా చూడండి. అది సెన్సర్‌ను రవ్వంత జరుపుతూ వరసగా ఫొటోలు తీస్తుంది, వాటిని కలిపి ఒక్కటి చేస్తారు. 61 మెగాపిక్సెళ్ల సోనీ ఏ7ఆర్ 4 ఇలా తీసిన 16 ఫొటోలను కంప్యూటర్‌లో సోనీ సాఫ్ట్‌వేర్‌తో కలిపితే 240 మెగాపిక్సెళ్ల ఫొటో వస్తుంది. ఇప్పుడు మీరు వాడుతున్నది సోనీయే అయితే లెన్సులు కూడా మార్చక్కర్లేదు. ముందు ఒక షూట్‌కు మీడియం ఫార్మాట్ కెమెరాను అద్దెకు తెచ్చుకుని, రెండు ఫొటోలనూ క్లయింట్‌కు ఏది ఏదో చెప్పకుండా చూపించండి. తేడా ఆయనే పట్టుకుని అడిగితే, అప్పుడు కొనండి.

ప్రశ్న: నా ఫోన్‌లో 200 మెగాపిక్సెల్ కెమెరా ఉంది. మరి వేల డాలర్ల 100 మెగాపిక్సెల్ కెమెరా ఎందుకు?

జవాబు: పిక్సెల్ సైజు చూడండి. శాంసంగ్ గెలాక్సీ ఎస్23 అల్ట్రాలోని 200 మెగాపిక్సెల్ సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ వెడల్పు 0.6 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). జీఎఫ్ఎక్స్ 100లో 3.76 మైక్రాన్లు. వైశాల్యంలో 39 రెట్ల తేడా. అందుకే ఫోన్ మామూలుగా 16 పిక్సెళ్లను ఒక్కటిగా కలిపి 12 మెగాపిక్సెళ్ల ఫొటోనే దాస్తుంది, అలాగే ఉంచండి. ఎండ బాగా ఉన్నప్పుడు, దూరంగా ఉన్నదాన్ని తర్వాత కత్తిరించుకోవాలనుకుంటే 200 మోడ్ పెట్టండి.