ముత్తాత చేసినదానికి మనం జవాబు చెప్పాలా?

మీ ముత్తాత ఊళ్లో వెట్టి చేయించుకున్నారనీ, నాగుకిచ్చిన వడ్లు, అంటే ధాన్యం వడ్డీ కలిపి తిరిగివ్వాలని అప్పిచ్చిన వడ్లు, తీర్చలేనివాళ్ల భూములు రాయించుకున్నారనీ విన్నానన్నారు. అప్పటి కాలమే అంత కదా, దానికి నేనెందుకు తలదించుకోవాలని అడిగారు. మాదీ అలాంటి ఇల్లే, సూర్యాపేట దగ్గరి ఊరు.

తలదించుకోవాల్సిన పనిలేదు. మీరు పుట్టకముందు జరిగినదానికి మిమ్మల్ని దోషి అనడం అన్యాయం. కానీ "అప్పటి కాలమే అంత" అన్న మాట నేను ఒప్పుకోను. ఆ కాలంలోనే, మన నల్లగొండ జిల్లాలోనే, భూస్వామి ఇంట్లో పుట్టిన బొల్లేపల్లి రావి నారాయణరెడ్డి తన భూమి పేదలకు పంచారు. అప్పు కింద మనిషిని జీతానికి కట్టిపడేసే భగేలా ఒప్పందాలను అదుపు చేస్తూ 1936లో నిజాం సర్కారే చట్టం తెచ్చింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను విసునూరు దేశ్‌ముఖ్ (అక్కడి పెద్ద భూస్వామి) మనుషులకు దక్కనివ్వలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య అదే దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో ప్రాణం పోగొట్టుకున్నారు. వీళ్లందరూ ఆ కాలం మనుషులే. అది తప్పని వాళ్లకు తెలిసినప్పుడు మా ముత్తాతకు తెలియలేదని నేను ఎలా అనగలను?

ఇక మన బాధ్యత సంగతి. ఆయన చేసిన తప్పు మనది కాదు గానీ, దానివల్ల వచ్చిన భూమి మన పాసుబుక్కులో ఉంది. దాని మీదే మా నాన్న చదువుకున్నారు, ఆ చదువు మీద మేం చదువుకున్నాం. ఆ భూమి పోగొట్టుకున్న ఇంటి మనవడు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోయాడు. నాకు టెన్షన్ పెట్టింది ఇదే.

నాన్న పోయాక వాటాలు పంచుకునేటప్పుడు పాత కాగితాలు తీస్తే, ఒక సర్వే నంబరులో రక్షిత కౌలుదారుగా, అంటే భూస్వామి తన ఇష్టానికి వెళ్లగొట్టకుండా చట్టం కాపాడిన కౌలుదారుగా, వేరే ఇంటాయన పేరుంది. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద ఆ రక్షణ వచ్చింది. అయినా ఆ చెలక (మెట్ట భూమి) ఎన్నడూ వాళ్ల చేతికి పోలేదు. ఆయన బిడ్డ ఊళ్లోనే ఉంది, ముసలామె. వెళ్లి క్షమించమని అడిగాను. "మాఫీ నేనేం జేసుకుంట బిడ్డా? మా నాయిన పేరు కాయితం మీద ఉన్నదంటివి గద, ఆ చెలక మాకు జెయ్యి" అన్నది. అంతకంటే న్యాయమైన మాట నేను వినలేదు.

నేనూ అక్కా మా వాటాలు వాళ్ల పేర రిజిస్ట్రేషన్ చేసిచ్చాం, ఖర్చులూ మేమే పెట్టుకున్నాం. తమ్ముడు ఒప్పుకోలేదు. "కొన్న భూమి కూడా ఇచ్చేస్తారా రేపు?" అని పోట్లాడాడు. వాడి వాటా ఇప్పటికీ వాడి దగ్గరే ఉంది, పండగలకు మా ఇంటికి రావడం మానేశాడు. ఇందులో ఈ నొప్పి కూడా ఉంటుందని ముందే చెప్తున్నాను.

మీరు చేయాల్సింది ముందు తెలుసుకోవడం. తహసీల్దార్ ఆఫీసులో 1954-55 ఖాస్రా పహాణీ (ఏ సర్వే నంబరు ఎవరిదో, ఎవరు సాగు చేశారో రాసిన భూమి రికార్డు) నకలుకు అర్జీ పెట్టండి. పట్టాదారు కాలమ్ ఒక్కటే చూసి ఆగకండి, సాగు ఎవరు చేశారో రాసిన కాలమ్ కూడా చదవండి. ఆ పేరు తాలూకు ఇల్లు ఊళ్లో ఇంకా ఉంటే, వాళ్లకేం కావాలో వాళ్లనే అడగండి. గుడికో బడికో విరాళం ఇచ్చి సరిపెట్టొద్దు.