ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో వాటాదారుల రికార్డులు ఏవి ఉంచాలి?

ముగ్గురు స్నేహితులు కలిసి పెట్టిన చిన్న కంపెనీ అయినా 2013 కంపెనీల చట్టం వర్తిస్తుంది. ముఖ్యమైనది సభ్యుల, అంటే వాటాదారుల, రిజిస్టరు (సెక్షన్ 88, ఫారం ఎంజీటీ-1). ఎవరికి ఎన్ని షేర్లు, ఎప్పుడు వచ్చాయి, ఎప్పుడు ఎవరికి బదిలీ అయ్యాయి అన్నీ అందులో ఉండాలి. షేర్ల కేటాయింపును గానీ బదిలీని గానీ డైరెక్టర్ల బోర్డు ఆమోదించిన 7 రోజుల్లోపు నమోదు చేయాలి. దీన్ని రిజిస్టర్డ్ ఆఫీసులో శాశ్వతంగా భద్రపరచాలి. "మా సీఏ దగ్గర ఎక్సెల్ షీటు ఉందిలెండి" అంటే సరిపోదు. రిజిస్టరు లేకపోతే కంపెనీకి 3 లక్షలు, బాధ్యుడైన అధికారికి 50 వేల రూపాయల జరిమానా పడుతుంది.

మీటింగుల మినిట్స్ (చర్చలు, నిర్ణయాల రాతపూర్వక రికార్డు) 30 రోజుల్లోపు రాసి సంతకం చేయాలి. పేజీలకు వరుస నంబర్లు ఉండాలి, మధ్యలో కాగితాలు అంటించకూడదు. చాలామంది ఆడిట్ ముందు రోజు కూర్చుని ఏడాది మినిట్స్ మొత్తం ఒకేసారి రాసేస్తుంటారు. వాటాదారుల మధ్య గొడవ వస్తే బయటపడేది అక్కడే.

లెక్కల పుస్తకాలు 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచితే చాలు. సభ్యుల రిజిస్టరును ఏ వాటాదారు అయినా పనివేళల్లో రుసుము లేకుండా చూడవచ్చు. నకలు కావాలంటే పేజీకి 10 రూపాయలకు మించి అడగకూడదు.